తాలు ఏది? గింజ ఏది?

తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు కెంచనగుడ్డ. బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని ఈ ప్రాంతం వరిపంటకు పేరు పొందింది. తెలుగు, కన్నడం రెండూ వినిపించే సరిహద్దు సీమ ఇది. కోతలు ముగిసి నూర్పిళ్లు మొదలైన రోజుల్లో ఇలాంటి ఊళ్ల కళ్లాలలో ఒకప్పుడు ఒక దృశ్యం తప్పక కనిపించేది. రైతు ఎత్తుపీట మీద నిలబడి, చేటలోని వడ్లను తల ఎత్తు నుంచి సన్నని ధారగా జారవిడిచేవాడు. గాలి వీచేది. బరువైన గింజలు కాళ్ల దగ్గరే పడి రాశి అయ్యేవి. తాలు, పొట్టు, దుమ్ము గాలివాటున దూరంగా పోయేవి. దీనినే తూర్పారబట్టడం అంటారు.

చూడడానికి ఇది చిన్న పని. కాని ఇందులో గమనించదగిన సంగతులు మూడు ఉన్నాయి. మొదటిది, ఎంపిక అంతా గింజ గాలిలో ఉన్న ఆ కొద్ది క్షణంలోనే జరిగిపోతుంది. రెండవది, ఎవరూ ఒక్కొక్క గింజను చేతిలోకి తీసుకొని పరీక్షించరు. బరువు అనే ఒకే ఒక్క గుణాన్ని బట్టి గాలి తీర్పు చెబుతుంది. మూడవది, గాలికి కొట్టుకుపోయిన దానిని మళ్లీ ఏరుకోవడం కష్టం. అందుకే పని జరుగుతుండగానే అనుభవం గల పెద్దలు తాలు కుప్పలోంచి ఒక గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి చూసేవారు. అందులో గింజలు కనిపిస్తే వెంటనే ధార పలచన చేయమనో, గాలి తగ్గేవరకు ఆగమనో చెప్పేవారు.

ఆధునిక విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలల్లో సరిగ్గా ఇలాంటి పనే జరుగుతూ ఉంటుంది. అక్కడ వడ్లకు బదులు విద్యుత్ స్పందనలు వచ్చి పడుతుంటాయి. వాటిలో పనికివచ్చేవి బహు కొద్ది. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది సెకనులో లక్షోవంతు కాలంలో తేల్చవలసి వస్తుంది. మనిషి కన్నుగాని, చేయిగాని అంత వేగాన్ని అందుకోలేవు. ఆ పనిని ఎలెక్ట్రానిక్ వలయాలకు, మైక్రోప్రాసెసర్లకు అప్పగించారు. అయితే చేటను యంత్రానికి ఇచ్చినంత మాత్రాన మనిషి బాధ్యత తీరిపోలేదు. ఎందుకు తీరలేదో తెలుసుకోవాలంటే ముందు ఈ ఎంపిక ఎలా మొదలైందో చూడాలి.

ఆకాశం నుంచి భూమి మీదికి ఎప్పుడూ సూక్ష్మ కణాల జల్లు కురుస్తూ ఉంటుంది. వీటిని విశ్వకిరణాలు అంటారు. వాటి వలన వాతావరణంలో పుట్టే మ్యూయాన్లు అనే కణాలు నేలదాకా వస్తాయి. చాచిన అరచేతి గుండా ఇవి సెకనుకు సుమారు ఒకటి చొప్పున దూసుకుపోతుంటాయి. మనకు తెలియను కూడా తెలియదు. న్యూట్రినో అనే మరొక కణం ఉంది. అది దేనితోనూ సులభంగా తగలదు. భూగోళాన్ని సైతం ఆవలికి దాటిపోగలదు. ఎప్పుడో ఒకసారి మాత్రం రాతిలోని పరమాణువును తాకి ఒక మ్యూయాన్‌ను పుట్టిస్తుంది. అలాంటి మ్యూయాన్‌ను పట్టుకోవాలంటే, మామూలు మ్యూయాన్ల జల్లు పడని చోటు కావాలి.

ఆ చోటు కర్ణాటకలోనే దొరికింది. రాష్ట్రానికి తూర్పు అంచున, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా కోలారు బంగారు గనులు ఉన్నాయి. తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడే వేలాది కార్మికులు తరతరాలుగా అక్కడ పనిచేశారు. బంగారం కోసం తవ్విన ఆ గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయాయి. పైనున్న రాయి అంతా ఒక జల్లెడలా పనిచేసి, మ్యూయాన్లను మధ్యలోనే ఆపివేస్తుంది. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1950ల నుంచే ఈ గనులలో కొలతలు ప్రారంభించారు. 1960ల ఆరంభంలో సుమారు 2,760 మీటర్ల లోతున పరికరాన్ని ఉంచి దాదాపు రెండు నెలలు వేచి చూశారు. ఒక్క మ్యూయాన్ కూడా రాలేదు. ఏమీ రాకపోవడమే వారికి శుభవార్త అయింది. అంత నిశ్శబ్దమైన చోట న్యూట్రినో జాడ కనబడవచ్చునని వారికి ఆశ కలిగింది.

ఆ తరువాత టాటా సంస్థతో జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయం చేతులు కలిపాయి. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం మొదలైనవారు కోలారు పరిశోధనలలో పాలుపంచుకున్నారు. సుమారు 2.3 కిలోమీటర్ల లోతున వారు రెండు నిలువు గోడలుగా ప్లాస్టిక్ పలకలను నిలబెట్టారు. కణం దూసుకుపోతే ఈ పలకలు మినుకుమని మెరుస్తాయి. రెండు గోడల నడుమ నియాన్ వాయువు నింపిన గాజు గొట్టాలను వరుసలుగా పేర్చారు. ఎదురుగా కెమెరాను ఉంచారు.

గోడలను నిలువుగా నిలబెట్టడంలోనే ఒక యుక్తి ఉంది. పైనుంచి వచ్చే మ్యూయాన్ రాతిని చీల్చుకుంటూ దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. అడ్డంగా రావాలంటే అది ఇంకా ఎన్నో రెట్లు మందమైన రాతిని దాటాలి. అది అసాధ్యం. కాబట్టి ఒక గోడ నుంచి మరొక గోడకు అడ్డంగా పోయిన కణం న్యూట్రినో పుట్టించినదే అయి ఉండాలి. అయితే కెమెరా రాత్రింబగళ్లు ఫోటోలు తీస్తూ కూర్చుంటే ఫిల్ము చుట్టలు గుట్టలుగా పేరుకుంటాయి. వాటిని చూసేవారెవరు? అందువల్ల వారొక ఏర్పాటు చేశారు. రెండు గోడలూ ఒకేసారి మెరిస్తేనే నియాన్ గొట్టాలకు అధిక విద్యుత్ పీడనం అందుతుంది. అప్పుడు కణం దాటిన గొట్టాలు మాత్రమే వెలుగుతాయి. కెమెరాలో ఆ దారి నమోదవుతుంది. మిగిలిన కాలమంతా చీకటే. ఈ ఏర్పాటుకు ట్రిగ్గర్ అని పేరు. తుపాకి మీట నొక్కితే గుండు పేలినట్లు, ఈ సంకేతం అందితే నమోదు మొదలవుతుంది. 1965లో ఈ బృందం వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను ప్రకటించింది. అదే సంవత్సరం దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో పనిచేసిన మరొక బృందం కూడా వాటిని కనుగొన్నది.

"ఒకేసారి" అన్న షరతులో ఎంత బలం ఉందో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక కౌంటర్ ఏ కణమూ రాకుండానే సెకనుకు 100 దొంగ స్పందనలు ఇస్తున్నదనుకుందాం. ఒక్కొక్క స్పందన ఒక మైక్రోసెకను, అనగా సెకనులో పదిలక్షోవంతు కాలం నిలుస్తుందనుకుందాం. ఒకే కౌంటర్‌ను నమ్ముకుంటే సెకనుకు 100 పొరపాట్లు. అలాంటివి రెండు కౌంటర్లు కలిసి మోగాలని నియమం పెడితే, కాకతాళీయంగా అలా జరిగేది 50 సెకన్లకు ఒకసారి మాత్రమే. మూడు కలిసి మోగాలంటే సుమారు నాలుగు రోజులకు ఒకసారి. నిజమైన కణం మాత్రం మూడింటినీ దాటుతూ మూడింటినీ మోగిస్తుంది. తాలు తగ్గింది, గింజ నిలిచింది. జర్మనీకి చెందిన వాల్టర్ బోథే 1920లలో ఈ ఏకకాలిక పద్ధతిని ప్రయోగాలలో ప్రవేశపెట్టాడు. 1930లో ఇటలీ శాస్త్రజ్ఞుడు బ్రూనో రోసీ వాల్వులతో ఇందుకు తగిన వలయాన్ని రూపొందించాడు. బోథేకు ఈ పద్ధతికి గాను 1954లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

కోలారు గనులలో 1980లో మరింత పెద్ద ప్రయోగం మొదలైంది. పరమాణు కేంద్రంలోని ప్రోటాన్‌కు చావు ఉందా అన్నది అక్కడి ప్రశ్న. ఉన్నా దాని సగటు ఆయుష్షు 1 పక్కన 31 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలు ఉండవచ్చునని అప్పటి కొన్ని సిద్ధాంతాలు సూచించాయి. ఒక ప్రోటాన్‌ను అంతకాలం కాపలా కాయడం ఎవరి తరం? కాని అన్ని ప్రోటాన్లను ఒకచోట చేర్చి కాపలా కాస్తే, ఏడాదికి కొన్నయినా నశించడం కనబడాలి. అందుకోసం ఇనుప పలకలు, ఇనుప గొట్టాలతో చేసిన కౌంటర్లను 34 పొరలుగా పేర్చి 140 టన్నుల శోధకాన్ని భూగర్భంలో నిర్మించారు. పక్కపక్క పొరలలో కొన్ని కౌంటర్లు కలిసి మోగితేనే సంఘటన నమోదయ్యేలా చేశారు. మొదటి రెండేళ్లలో ప్రోటాన్ నాశనం అయి ఉండవచ్చుననిపించే కొన్ని సంఘటనలను ఆ బృందం ప్రకటించింది. ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. కాని అమెరికాలోనూ, జపాన్‌లోనూ ఇంకా పెద్ద శోధకాలతో చేసిన ప్రయోగాలు దానిని బలపరచలేదు. ప్రోటాన్ నశించినట్లు నేటి వరకు రుజువు కాలేదు. కోలారు ప్రయోగం 1990ల ఆరంభంలో ముగిసింది. 2001లో గనులు కూడా మూతబడ్డాయి. యంత్రం ఏరి ఇచ్చిన ప్రతిదీ గింజ కాదని, దానిని మళ్లీ మళ్లీ పరీక్షించవలసిందేనని ఈ కథ నేర్పుతుంది.

తీగలతో అల్లిన వలయానికి ఒక లోటు ఉంది. అది తనకు తెలిసిన ఒక్క ప్రశ్ననే అడుగుతుంది. ప్రశ్న మార్చాలంటే తీగలు విప్పి మళ్లీ అతకాలి. 1971లో ఇంటెల్ సంస్థ 4004 అనే చిన్న బిళ్లను అమ్మకానికి తెచ్చింది. అందులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. కూడడం, పోల్చడం, నిర్ణయించడం వంటి పనులను అది ఆదేశాల ప్రకారం చేస్తుంది. ఇదే మైక్రోప్రాసెసర్. దీని గొప్పతనం వేగంలో మాత్రమే లేదు. తీగలను కదిలించకుండా, ఆదేశాలను మార్చి దానిచేత వేరొక ప్రశ్న అడిగించవచ్చు. ఉదయం ఒక షరతు, సాయంత్రం మరొక షరతు పెట్టవచ్చు. పరికరాల పక్కనే ఇలాంటి బిళ్లలు చేరడంతో ప్రయోగశాలల రూపమే మారిపోయింది.

మైక్రోప్రాసెసర్ ఎలా నిర్ణయిస్తుందో భూకంపాలను కనిపెట్టే కేంద్రాన్ని చూస్తే తెలుస్తుంది. కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దున ఉన్న గౌరీబిదనూరులో 1960ల నడిమి కాలం నుంచి భూమి కదలికలను గమనించే కేంద్రం ఉంది. భూమి నిజానికి ఒక్క క్షణం కూడా నిశ్చలంగా ఉండదు. గాలి చెట్లను ఊపినా, లారీ పోయినా నేల సన్నగా కంపిస్తుంది. వీటన్నిటి నడుమ భూకంపాన్ని గుర్తించేదెట్లా? భూకంప కేంద్రాలలో విరివిగా వాడే ఒక పద్ధతి ఉంది. మైక్రోప్రాసెసర్ రెండు సగటులను ఎప్పటికప్పుడు లెక్కిస్తూ ఉంటుంది. ఒకటి, గడిచిన ఒకటి రెండు సెకన్ల కంపనాల సగటు. రెండవది, గడిచిన ఒక నిమిషం పాటు కంపనాల సగటు. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తుంది. నేల మామూలుగా ఉంటే భాగఫలం 1 దగ్గరే ఉంటుంది. అది అకస్మాత్తుగా 3నో 4నో దాటితే, ఏదో జరిగిందని గుర్తించి నమోదు మొదలుపెడుతుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. గుర్తించిన తరువాత నమోదు మొదలుపెడితే, భూకంపపు మొదటి కదలిక అప్పటికే దాటిపోయి ఉంటుంది. శాస్త్రజ్ఞులకు కావలసింది ముఖ్యంగా ఆ మొదటి కదలికే. దీనికొక ఉపాయం ఉంది. 60 గీతలున్న పలక మీద ఒక పిల్లవాడు సెకనుకొక అంకె రాస్తున్నాడనుకుందాం. చివరి గీత నిండగానే మొదటి గీతకు వెళ్లి, పాత అంకెను చెరిపి కొత్తది రాస్తాడు. అప్పుడు పలక మీద ఎప్పుడు చూసినా గడిచిన 60 సెకన్ల వివరం ఉంటుంది. కంప్యూటర్ జ్ఞాపకంలోనూ ఇదే ఏర్పాటు చేస్తారు. భూకంపం గుర్తించగానే పలకను చెరపడం ఆపి, దానిని భద్రపరుస్తారు. ఆ విధంగా గడిచిపోయిన క్షణం కూడా చేతికి దక్కుతుంది.

ఎంపిక అంటే వదలివేయడం ఒక్కటే కాదు. కూడబెట్టి కుదించడం కూడా ఎంపికే. తిరుపతికి సమీపంలోని గాదంకిలో 1993 నాటికి పూర్తయిన పెద్ద రాడార్ ఇందుకు ఉదాహరణ. సుమారు 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మైదానంలో 1,024 జతల యాంటెన్నాలు బారులు తీరి ఉంటాయి. అవి ఆకాశంలోకి 53 మెగాహెర్ట్‌జ్ రేడియో తరంగాలను స్పందనలుగా పంపుతాయి. గాలి పొరల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వని అతి బలహీనం. 15 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది తిరిగి రావడానికి 100 మైక్రోసెకన్లు పడుతుంది. కనుక ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి ఏ ఎత్తు నుంచి వచ్చిందో చెప్పవచ్చు.

ఆ ప్రతిధ్వని మామూలు రేడియో రొదలో మునిగిపోయి ఉంటుంది. అందుకని ఒకే ఎత్తు నుంచి వరుసగా వచ్చిన అనేక ప్రతిధ్వనులను కలిపి కూడుతారు. 64 ప్రతిధ్వనులను కూడారనుకుందాం. నిజమైన సంకేతం ప్రతిసారీ ఒకే తీరులో ఉంటుంది కాబట్టి 64 రెట్లు పెరుగుతుంది. రొద ఒకసారి ధనంగా, ఒకసారి ఋణంగా ఉంటుంది కాబట్టి చాలావరకు చెల్లిపోయి, 8 రెట్లే పెరుగుతుంది. పైగా 64 అంకెలకు బదులు ఒక్క అంకెను భద్రపరిస్తే చాలు. ఈ కూడికలన్నీ రాడార్ పనిచేస్తుండగానే జరుగుతాయి. ఏ ఎత్తులను చూడాలి, ఎన్నింటిని కూడాలి అన్న వివరాలను ముందే ఒక జాబితాగా ఇస్తే, ఆరంభంలో ఒక పి.సి. తరగతి కంప్యూటరే రాడార్‌ను ఆ ప్రకారం నడిపించింది. పదులకొద్దీ కిలోమీటర్ల ఎత్తున వీచే గాలుల వేగం ఈ విధంగా నేల మీద నుంచే తెలుస్తున్నది.

ఇంతవరకు చెప్పిన ఎంపిక అంతటికీ పరాకాష్ఠ అనదగినది జెనీవా నగరం వద్ద ఉంది. సెర్న్ అనే సంస్థ అక్కడ భూగర్భంలో 27 కిలోమీటర్ల వలయాన్ని నిర్మించింది. అందులో ప్రోటాన్ల గుంపులు ఎదురెదురుగా వచ్చి సెకనుకు 4 కోట్ల సార్లు ఒకదానినొకటి దాటుతాయి. ఒక్కొక్క సారి నమోదు చేయవలసిన సమాచారం సుమారు ఒక మెగాబైటు. అంతా దాచాలంటే ప్రపంచంలో ఏ గిడ్డంగీ చాలదు. కాబట్టి అక్కడ రెండు చేటలున్నాయి. మొదటి చేట ప్రత్యేక ఎలెక్ట్రానిక్ వలయాలతో చేసినది. అది కొద్ది మైక్రోసెకన్లలోనే తీర్పు చెప్పి, సెకనుకు సుమారు లక్ష సంఘటనలను మాత్రమే ముందుకు పంపుతుంది. రెండవ చేట వేలాది మైక్రోప్రాసెసర్లున్న కంప్యూటర్ల సముదాయం. అది మరికొంత తీరికగా పరిశీలించి, చివరకు వెయ్యి లేదా కొద్ది వేల సంఘటనలను భద్రపరుస్తుంది. వెయ్యి మిగిలితే 40 వేలలో 39,999 వెళ్లిపోయినట్లే. అవి మళ్లీ రావు. 2012 జూలై 4న ప్రకటించిన హిగ్స్ కణం ఇలా మిగిలిన గింజలలోనే దొరికింది.

యంత్రం ఎంత వేగమైనదైనా దానికీ రెప్పపాటు ఉంటుంది. ఒక సంఘటనను పరిశీలిస్తున్నంతసేపు అది మరొక దానిని చూడలేదు. ఆ కాలాన్ని మృతకాలం అంటారు. ఒక్కొక్క సంఘటనకు సెకనులో వెయ్యోవంతు పట్టి, సెకనుకు 100 సంఘటనలను పరిశీలిస్తుంటే, మొత్తం కాలంలో పదోవంతు యంత్రం కన్ను మూసుకున్నట్లే. ఈ సంగతి లెక్కలోకి తీసుకోకపోతే చివరి ఫలితం తప్పు అవుతుంది.

అందుచేత ఎంపికతో పాటు కాపలా కూడా కావాలి. ప్రయోగం జరుగుతున్నంతసేపు మైక్రోప్రాసెసర్ ఇంకొక పని కూడా చేస్తూ ఉంటుంది. కౌంటర్లకు అందే విద్యుత్ పీడనం సరిగా ఉన్నదా? గొట్టాలలో వాయువు పీడనం తగ్గిందా? గది ఉష్ణోగ్రత పెరిగిందా? గడియారం సరిగా నడుస్తున్నదా? ఒక కౌంటర్ పక్కవాటికన్నా ఎక్కువగా మోగుతున్నదా, అసలే మోగడం మానివేసిందా? వీటిని ఎప్పటికప్పుడు కనిపెట్టి, హద్దు దాటితే గంట మోగిస్తుంది. మూగబోయిన కౌంటర్‌ను నెలరోజుల తరువాత గుర్తిస్తే, ఆ నెల కష్టమంతా వృథా అయినట్లే.

ఎంపిక, కాపలా రెండింటి విలువ 1987లో జరిగిన ఒక సంఘటన వలన ప్రపంచానికి బాగా తెలిసింది. జపాన్‌లోని కమియోకా గనిలో కమియొకాండే అనే శోధకం ఉండేది. 3 వేల టన్నుల నీరు నిండిన తొట్టె అది. కోలారులో వలెనే ప్రోటాన్ నాశనాన్ని చూడాలనే దానిని నిర్మించారు. తరువాత సూర్యుని నుంచి వచ్చే న్యూట్రినోలను కూడా చూడాలని పరికరాన్ని మెరుగుపరచారు. అంతకు ముందు వదలివేస్తూ వచ్చిన బలహీన మెరుపులను కూడా నమోదు చేసేలా షరతులను సడలించారు. 1987 జనవరి నుంచి శోధకం ఆ విధంగా పనిచేయసాగింది. ఫిబ్రవరి 23న, సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరాన పేలిన ఒక నక్షత్రం నుంచి న్యూట్రినోలు భూమిని తాకాయి. కమియొకాండే 13 సెకన్లలో 11 న్యూట్రినోలను పట్టుకున్నది. షరతులు పాత విధంగానే ఉండి ఉంటే వాటిలో చాలావరకు తాలులో కలిసిపోయి ఉండేవి.

అయితే ఆ 11 గింజలు వచ్చిన సంగతి అప్పటికప్పుడు ఎవరికీ తెలియలేదు. నక్షత్రం పేలిన వార్త ఖగోళ శాస్త్రజ్ఞుల ద్వారా వచ్చిన తరువాతనే, అయస్కాంత టేపులను వెదికి వాటిని కనుగొన్నారు. పైగా గడియారం కచ్చితత్వం మీద ఒక నిమిషం దాకా అనుమానం మిగిలిపోయింది. అమెరికాలోని మరొక శోధకం అదే సమయంలో 8 న్యూట్రినోలను కచ్చితమైన కాలంతో నమోదు చేయడం వలన ఆ లోటు కొంత తీరింది. ఈ అనుభవం తరువాత కాపలా పద్ధతులు మారాయి. నేడు అనేక దేశాల న్యూట్రినో శోధకాలు ఒకదానితో ఒకటి అనుసంధానమై ఉన్నాయి. కొన్నింటిలో ఒకేసారి న్యూట్రినోల జల్లు కనిపిస్తే వెంటనే దూరదర్శినుల వారికి హెచ్చరిక వెళుతుంది. నక్షత్రపు వెలుగు సాధారణంగా న్యూట్రినోల కన్నా కొన్ని గంటలు ఆలస్యంగా వెలువడుతుంది కాబట్టి, ఆ పేలుడును మొదటి క్షణం నుంచి చూసే అవకాశం కలుగుతుంది. కమియొకాండే ప్రయోగానికి నాయకత్వం వహించిన మసతోషి కోషిబాకు 2002లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఎంపిక చేసే యంత్రం రెండు రకాల పొరపాట్లు చేయవచ్చు. తాలును గింజ అనుకొని ఉంచడం ఒకటి. గింజను తాలు అనుకొని పారవేయడం రెండవది. మొదటి పొరపాటు అంత ప్రమాదం కాదు. ఉంచినది చేతిలోనే ఉంటుంది కనుక తరువాత తీరికగా పరిశీలించి దిద్దుకోవచ్చు. రెండవది ప్రమాదకరం. పారవేసినది పోయింది. అది పోయిందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. శాస్త్రజ్ఞుడు తాను ఎదురుచూస్తున్న దానికి తగిన షరతులే యంత్రానికి నేర్పుతాడు. ప్రకృతిలో ఎవరూ ఎదురుచూడని కొత్త విషయం ఎదురైతే, ఆ షరతులే దానిని తలుపు దగ్గర ఆపివేయవచ్చు.

దీనికి విరుగుడుగా ప్రయోగశాలలలో ఒక ఆచారం ఏర్పడింది. షరతులకు నిలిచిన సంఘటనలతో పాటు, ఏ షరతూ లేకుండా అక్కడొకటి ఇక్కడొకటిగా కొన్నింటిని కూడా భద్రపరుస్తారు. వాటిని విడిగా పరీక్షించి, యంత్రం తీర్పు న్యాయంగా ఉన్నదో లేదో చూస్తారు. అవసరమైతే షరతులు మారుస్తారు. కెంచనగుడ్డ వంటి ఊళ్లలో కళ్లం దగ్గర పెద్దలు తాలు కుప్పలోంచి గుప్పెడు తీసి నలిపి చూసింది ఇందుకే కదా!

ఇప్పుడు తుంగభద్ర తీరంలోని పొలాలలోకి కోత యంత్రాలు వచ్చాయి. వాటిలో గాలి పంకా, జల్లెడలు ఉంటాయి. కోయడం, నూర్చడం, తూర్పారబట్టడం అన్నీ యంత్రం కడుపులోనే జరిగిపోతాయి. అయినా జాగ్రత్త గల రైతు యంత్రం వెనుకనే నడుస్తాడు. అది విసిరివేసిన గడ్డిని చేత్తో కదిపి చూస్తాడు. గింజలు కనిపిస్తే యంత్రాన్ని ఆపి గాలి తగ్గించమంటాడు. గనిలోని శోధకం పక్కన నిలిచిన శాస్త్రజ్ఞుడు చేసే పని కూడా ఇదే. ఏరే పనిని యంత్రానికి అప్పగించవచ్చు. ఏరినది సరిగా ఉన్నదా అని చూసే పనిని మాత్రం మనిషి వదులుకోకూడదు.

పదాలు – అర్థాలు

కళ్లం = ధాన్యం నూర్చే చోటు
తాలు = గింజ పట్టని వడ్లు
తూర్పారబట్టు = గాలికి ఎత్తిపోసి ధాన్యాన్ని శుభ్రం చేయు
కాకతాళీయం = అనుకోకుండా జరిగినది
పరాకాష్ఠ = చివరి హద్దు, అత్యున్నత స్థితి
రొద = అర్థం లేని చప్పుడు

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. కోలారు గనిలో ప్లాస్టిక్ పలకల గోడలను నిలువుగా ఎందుకు నిలబెట్టారు?
2. తీగలతో అల్లిన వలయానికీ, మైక్రోప్రాసెసర్‌కూ గల ముఖ్యమైన భేదం ఏది?
3. మృతకాలం అంటే ఏమిటి?

ఆ. కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. కమియొకాండే అనుభవం నుంచి శాస్త్రజ్ఞులు ఏమి నేర్చుకున్నారు?
2. గింజను తాలు అనుకొని పారవేయడమే ఎక్కువ ప్రమాదకరం. ఎందుకో వివరించండి.

ఇ. చేసి చూడండి.
మీ ఇంట్లో బియ్యం చెరిగేటప్పుడు చేట నుంచి పడిన పొట్టును ఒక గుప్పెడు తీసుకోండి. అందులో ఎన్ని మంచి గింజలు ఉన్నాయో లెక్కించండి. ఈ విధంగా ఐదుసార్లు చేసి పట్టికగా రాయండి. చెరిగే తీరు మార్చితే సంఖ్య మారుతున్నదా? గమనించి తరగతిలో చెప్పండి.